మేనత్తను మండపంలోకి జరిపిన కంప్యూటర్

లక్సెట్టిపేట,
8-6-1998

బామ్మర్ది రామచంద్రానికి,

మార్కండేయ వీడియోస్ దుకాణంలో కూర్చుని నీ బావ దేవదాస్ రాస్తున్నాడు. మీ అక్క అనసూర్య, మా అవ్వ ఐలవ్వ, నేను బాగానే ఉన్నాం. ఎస్‌టీడీలో మాట్లాడితే మీటరు చూస్తూ సగం సంగతి మరిచిపోతాను, అందుకే ఉత్తరం. నువ్వు సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల షాపులో పనిచేస్తున్నావు కాబట్టి అడుగుతున్నాను. నాకు పెండ్లి వీడియోలు మిక్సింగ్ చేసే కంప్యూటర్ కావాలి.

మే నెలలో జగపతిరావు దొర బిడ్డ పెండ్లి వీడియో తీసింది నేనే. పిల్లను ఇచ్చోడ ఊరి సీతారాంరావు గారి కొడుక్కు ఇచ్చారు. మూడు క్యాసెట్లు నిండా తీశాను. ఇక మిక్సింగ్ మిగిలింది. నా దగ్గర ఉన్నవి రెండు వీసీఆర్‌లు, ఒక మిక్సర్. మొదటి వీసీఆర్‌లో చూసుకుంటూ, కావలసినంత రెండో దాంట్లోకి ఎక్కించుకుంటూ పోవడమే పని. ఇన్నేళ్ళూ ఎవరూ వంక పెట్టలేదు.

నిన్న దొర దుకాణానికి వచ్చాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

“ఏమోయ్ దేవదాస్, మంచిర్యాల స్టూడియోల కంప్యూటర్ వచ్చిందట. అండ్ల పెండ్లిపిల్ల గులాబీపువ్వులకెళ్లి బయటికొస్తదట. మన పిల్ల ఏడికెళ్లొస్తది?”

“మన పిల్ల తలుపులకెళ్లే వస్తది దొరా.”

“గట్ల నడువది. ఆషాఢానికి పిల్ల మా ఇంటికొస్తది. శ్రావణంల ఇచ్చోడోళ్లు తోలుకపోనీకి వస్తరు. గా దినం రెండు దిక్కులోళ్లం ఒక్క కాడ కూసొని క్యాసెట్ సూస్తం. ఎవ్వలన్న మూతి ముడుసుకొని నడిమిట్ల లేసిపోయిండ్రా, మా ఇండ్లల్ల ఇగ పెండ్లిళ్లన్ని మంచిర్యాలకే. నాకు వియ్యపోళ్ల తోని మాట రావద్దు.”

దొరల ఇండ్ల పెండ్లిళ్ళు పోతే నాకు మిగిలేవి పాస్‌పోర్టు ఫొటోలే. కాబట్టి ఏ కంప్యూటర్ కొనాలో, దాంట్లో ఏమేం ఉండాలో, ఏ సాఫ్ట్‌వేర్ వేయించాలో తిరుగు టపాలో రాయి.

ఇట్లు,
నీ బావ
దేవదాస్

తా.క.: కంప్యూటర్‌లో మనుషులను సన్నగా చేయవచ్చా అని మీ అక్క అడగమంటున్నది. తన కోసం కాదట. ఊరికే తెలుసుకోవడానికట.


సికింద్రాబాద్,
15-6-1998

బావకు, పక్కనుంచి చదువుతున్న అక్కకు నమస్కారాలు,

నీ ఉత్తరం మా సారుకు చదివి వినిపించాను. ఆయన సంతోషపడ్డాడు. లక్సెట్టిపేట నుంచి మాకు ఇదే మొదటి ఆర్డరు.

నీకు పెంటియం టూ తీసుకోమంటాను. రామ్ అరవై నాలుగు ఎంబీ చాలు. హార్డ్ డిస్కులు రెండు ఉండాలి. చిన్న దాంట్లో సాఫ్ట్‌వేర్, పెద్ద దాంట్లో వీడియో. రెండూ ఒకే దాంట్లో పెడితే బొమ్మ ఆగి ఆగి నడుస్తుంది. పెద్దది తొమ్మిది జీబీ తీసుకో. గంటన్నర సినిమా దాకా పడుతుంది. వీసీఆర్ నుంచి బొమ్మను లోపలికి తెచ్చుకోవడానికి కాప్చర్ కార్డు కావాలి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కార్డుతోనే వస్తుంది. ఒక్క ఫైలు రెండు జీబీ దాటకూడదు, దాటితే తీసుకోదు. అంటే పెండ్లిని ముక్కలు ముక్కలుగా ఎక్కించాలి. మీ దగ్గర కరెంటు సంగతి నాకు తెలుసు కాబట్టి యూపీఎస్ కూడా రాసుకున్నాను.

రెండు వీసీఆర్‌లకు, దీనికి ఉన్న తేడా ఒక్కటే. అక్కడ ఒకసారి ఎక్కించింది మారదు. ఇక్కడ ఏ ముక్కనైనా ఎప్పుడైనా తీయవచ్చు, జరపవచ్చు, మళ్ళీ పెట్టవచ్చు. మిగతా సినిమా చెక్కు చెదరదు.

ఇట్లు,
నీ బామ్మర్ది
రామచంద్రం

తా.క.: ఏదైనా ఎప్పుడైనా మార్చవచ్చన్న సంగతి గిరాకీలందరికీ తప్పకుండా చెప్పు. చాలా సంతోషిస్తారు.

ఇంకో తా.క.: అక్కా, సన్నగా చేయవచ్చు. కాని పక్కన నిలబడ్డవాళ్ళు కూడా సన్నబడతారు.


లక్సెట్టిపేట,
4-7-1998

రామచంద్రానికి,

ఇక్కడ కంప్యూటర్ క్షేమం. నేను కాదు.

మీ షాపు మనిషి వచ్చి అన్నీ బిగించి, రెండు రోజులుండి నేర్పి పోయాడు. మా అవ్వ చాలాసేపు చూసి, “ఇంత పెద్ద డబ్బా పెట్టి టీవీ గింత చిన్నది ఇచ్చిండ్రేంది?” అన్నది. పని మటుకు బాగానే మొదలైంది. మొదటి రోజే పనికిరాని ముక్కలన్నీ తీసిపారేశాను. పెండ్లి గంటన్నరలోకి వచ్చింది. అంతా బాగుండగా సీతారాంరావు గారు వచ్చాడు. ఇచ్చోడ నుంచి ఏదో పని మీద వచ్చి, దొర ఇంటికి పోతూ ఆగాడు. తాళి కట్టే ముక్క చూపించాను.

“మా చెల్లె ఏది?” అన్నాడు.

ఆయన చెల్లెలంటే పిల్లగానికి మేనత్త. తాళి కట్టే సమయానికి ఆమె బంతిలో కూర్చుని భోజనం చేస్తున్నది. తాళి కాగానే పోయి తీస్తే ఇంకా తింటూనే ఉంది, ఆ ముక్క కూడా నా దగ్గర ఉంది. ఆ మాట చెప్పి ఊరుకోవలసింది. నువ్వు రాసింది యాదికి వచ్చింది. ఎదుర్కోళ్ళప్పుడు ఆమె నవ్వుతూ నిలబడిన ముక్క ఒకటి తీసి, తాళి పక్కన పెట్టాను. చూస్తే ఆమె తాళి కట్టడం చూసి నవ్వుతున్నట్టే ఉంది.

సీతారాంరావు గారు ముక్కు మీద వేలు వేసుకున్నాడు. “మంచి మిషిన్ రా నాయన. బువ్వ తింటనే మండపంల కూడ ఉన్నది!”

తెల్లవారి ఇచ్చోడ నుంచి జీపు వచ్చింది. అందులో వచ్చినవాళ్ళందరూ మండపంలోకి జరగాలన్నారు. వాళ్ళు పోయాక దొర బావమరిది వచ్చాడు. “వాళ్ల మేనత్త తాళి కాడ ఉంటదా? పిల్లకు మేనమామను, నేను పందిరి గుంజ కాడ ఉంటనా? జర ముందుకు జరుపు” అన్నాడు. జరిపాను. ఆ సంగతి ఇచ్చోడకు ఎట్లా తెలిసిందో, మరునాడు మళ్ళీ జీపు వచ్చింది.

ఇప్పుడు పొద్దున ఒక దిక్కువాళ్ళు, మధ్యాహ్నం ఒక దిక్కువాళ్ళు కూర్చుంటున్నారు. తాళి కట్టే ముక్క పెరిగి పెరిగి భోజనాల కన్నా పెద్దదైంది. పని తెమలడం లేదు. నీ మిషన్‌తో ఎప్పటికి పూర్తవుతుందో తెలియడం లేదు. ఏదో ఒకటి చేయి.

ఇట్లు,
దేవదాస్

తా.క.: మీ అక్క ఈ పది రోజుల్లో కాచిన చాయలు మా పెండ్లిలో కూడా కాచి ఉండరు.


సికింద్రాబాద్,
10-7-1998

బావకు,

పని తెమలడం లేదని చదివి బాధపడ్డాను. తప్పు మాదే. నీది ఇంత బరువైన పని అనుకోలేదు. ఒక్క తాళి ముక్కలో అంతమందిని మార్చాలంటే అరవై నాలుగు ఎంబీ రామ్ ఎట్లా సరిపోతుంది? మార్పు చెప్పిన ప్రతిసారీ మిషన్ ఆలోచిస్తూ కూర్చుంటుంది. గిరాకీలు ఎదురుచూడవలసి వస్తుంది. అందుకే వాళ్ళకు విసుగు.

మా మనిషి రేపే బయలుదేరుతున్నాడు. రామ్ రెండింతలు చేస్తాడు. కార్డు మార్చి వేగమైనది వేస్తాడు. సాఫ్ట్‌వేర్ కూడా కొత్తది. పాత దాంట్లో ఒక్క అడుగే వెనక్కు పోగలవు. ఇందులో ముప్పై రెండు మార్పులు వెనక్కు పోయి, పాత వరుస ఎట్లా ఉండెనో తెరిచి చూపించవచ్చు. నీ కష్టం తీరినట్టే.

ఇట్లు,
రామచంద్రం

తా.క.: కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఫొటో ఇస్తే పెండ్లికి రానివాళ్ళను కూడా పెట్టవచ్చు. ఇది మాత్రం అందరికీ చెప్పు.


లక్సెట్టిపేట,
16-7-1998

రామచంద్రం,

నీ తాజా కలం దుకాణంలో అందరి ముందు గట్టిగా చదివింది మీ అక్కనే. ఇక విను.

ఇదివరకు ఒక్క మార్పు చెబితే మిషన్ చాలాసేపు లెక్కలు వేసుకునేది. ఆ లోపల సగం మంది చాయ తాగి, బస్సు దొరకదని లేచిపోయేవాళ్ళు. ఆ పూటకు నేను బతికేవాణ్ణి. ఇప్పుడు వాళ్ళ మాట పూర్తి కాకముందే మార్పు అయిపోతున్నది. ఎవరూ కదలడం లేదు. ముప్పై రెండు అడుగులు వెనక్కు పోవచ్చని తెలిసిన దగ్గరనుంచి పాత తగాదాలు కూడా తెరుస్తున్నారు. దొర బావమరిది నిన్న, “సోమవారం నేను యాడుంటినో చూపియ్యి” అన్నాడు. చూపించాను. సోమవారం ఆయన ముందున్నాడు. నడుమ ఎవరు జరిపారని ఒకటే పంచాయితీ.

సీతారాంరావు గారి తమ్ముడు నాగపూర్‌లో ఉంటాడు. పెండ్లికి రాలేదు. ఫొటో పంపాడు. ఇప్పుడు పంతులు భుజం పక్కన చందమామ వంటి గుండ్రంలో ఉండి, తాళి కట్టేదాకా రెప్ప వేయకుండా చూస్తున్నాడు. అది చూసి దొర అన్నాడు: “రానోనికి చందమామ పెడ్తివి. వచ్చినోళ్లకు ఏం పెడ్తవ్?”

రెండు వీసీఆర్‌ల కాలంలో ఎవరన్నా అడిగితే, “నడిమిట్ల ఒక్కటి మార్చాలంటే మొదటికెళ్లి మల్ల చెయ్యాలె దొరా” అనేవాణ్ణి. బట్ట నేసి మగ్గం మీది నుంచి దించినాక నడుమ నుంచి పోగు గుంజమని ఎవరూ అడగరు. వాళ్ళూ అడగలేదు. ఇప్పుడు మిషనే మార్చుతానంటుంటే నేను కాదని ఎట్లా అనను?

వచ్చే వారమే శ్రావణం. ఒక్క ముక్క కూడా క్యాసెట్‌కు ఎక్కలేదు. ఎక్కించబోయే ముందు ఎవరో ఒకరు వస్తున్నారు. నీ షాపులో ఇంతకన్నా నెమ్మదైన కంప్యూటర్ ఏదైనా ఉంటే పంపు. వెనక్కు పోవడం రాని సాఫ్ట్‌వేర్ ఉంటే ఇంకా మంచిది. పాతదైనా పరవాలేదు.

ఇట్లు,
దేవదాస్

తా.క.: పరాచికం ఆడడం లేదు.


సికింద్రాబాద్,
20-7-1998

పూజ్యులైన బావగారికి,

నెమ్మదైన కంప్యూటర్ పంపమని నువ్వు చేసిన ఎత్తిపొడుపు మాకు అర్థమైంది. ఆ ఉత్తరం చదివి మా సారు ఆ పూట అన్నం తినలేదు. “మన మిషన్ ఎంత ఏడిపిస్తే ఒక పెద్దమనిషి ఈ మాట రాస్తాడు?” అన్నాడు.

మాకు తోచింది ఇది. ఇన్ని మార్పులు చేసి చేసి నీ పెద్ద డిస్కు చిందరవందర అయింది. వీడియో ముక్కలు ఒక చోట లేకుండా చెదిరిపోయి ఉంటాయి. అందుకే పని తెమలడం లేదు. దీనితో పాటు ఇంకో తొమ్మిది జీబీ డిస్కు పార్సిల్‌లో పంపుతున్నాం. పైసలు వద్దు. నువ్వే బిగించుకోవచ్చు. కింద రాసినట్టు వరుసగా చేసుకుంటూ పో.

ముందు మిషన్ ఆపి, ప్లగ్గు తీసి, మూత విప్పు. ఖాళీగా ఉన్న వెడల్పాటి వైరు మూతిని కొత్త డిస్కుకు పెట్టు. మూత వేసి మిషన్ ఆన్ చేయి. రెండు డిస్కులూ కనిపిస్తాయి. తరువాత పాత పెద్ద డిస్కును ఫార్మాట్ కొట్టు. నిజంగా చేయాలా అని అడుగుతుంది. భయపడకుండా అవునను. అయిపోయాక మిషన్‌ను ఒకసారి ఆపి, మళ్ళీ ఆన్ చేయి. డిస్కు కొత్త పలకలాగ శుభ్రంగా ఉంటుంది.

శ్రావణం లోపల నీ పని పూర్తవుతుంది. నాది పూచీ.

ఇట్లు,
రామచంద్రం

(వెనుక చూడుము)

తా.క.: ఫార్మాట్ కొట్టే ముందు పాత డిస్కులో ఉన్న పెండ్లి మొత్తాన్ని కొత్త డిస్కులోకి కాపీ చేసుకో. ఇది ముఖ్యం.


లక్సెట్టిపేట,
24-7-1998

రామచంద్రం,

నీ ఉత్తరం మిషన్ పక్కన పెట్టుకుని, ఒక్కొక్క వాక్యం చదివి, రాసినట్టే వరుసగా చేశాను. మూత విప్పాను, వైరు పెట్టాను, ఫార్మాట్ కొట్టాను. నిజంగా చేయాలా అని అడిగింది. భయపడకుండా అవునన్నాను. డిస్కు నువ్వు చెప్పినట్టే కొత్త పలకలాగ ఉంది.

ఇచ్చోడ వాళ్ళు గురువారం వస్తున్నారు.

ఇట్లు,
దేవదాస్

తా.క.: ఇప్పుడే కాగితం తిప్పాను.


సికింద్రాబాద్,
27-7-1998

బావా,

నీ ఉత్తరం అందగానే రాస్తున్నాను. తప్పు నాదే. ముఖ్యమైన మాట ముందు రాయాలి. చిన్నప్పుడు అక్క కూడా ఇదే చెప్పేది.

పోయినది తిరిగి రాదు. కెమెరా క్యాసెట్లు మూడూ నీ దగ్గరే ఉన్నాయి కదా? మళ్ళీ రెండు వీసీఆర్‌లు పెట్టి ఎంతైతే అంత చేయి. కుదరకపోతే దొరకు జరిగింది చెప్పు. తిడితే నా పేరు చెప్పు. మా సారు సెలవు ఇవ్వలేదు, ఇస్తే నేనే వచ్చి తిట్లు తినేవాణ్ణి. బూత్‌కు ఫోన్ కొడితే మీ ఊరి లైన్లన్నీ వానకు పడిపోయాయని ఎక్స్ఛేంజి వాళ్ళు చెబుతున్నారు.

ఇట్లు,
రామచంద్రం

తా.క.: ఇందులో ముఖ్యమైన సంగతి ఏదీ లేదు.


సికింద్రాబాద్,
12-8-1998

బావకు,

నీ నుంచి రెండు వారాలుగా జాబు లేదు. అక్క కూడా రాయలేదు. దుకాణం మూసేశావేమోనని నాకు నిద్ర లేదు.

ఇవాళ మా షాపుకు ఒకాయన వచ్చాడు. మంచిర్యాలలో స్టూడియో అట. “లక్సెట్టిపేట దేవదాస్ కు ఏం సాఫ్ట్‌వేర్ ఇచ్చిండ్రో గదే నాక్కావాలె” అన్నాడు. మేం ఇచ్చిన దాని పేరు చెప్పాను. “గది నా కాడ గూడ ఉన్నది. గది కాదు. పొద్దుగాలకెళ్లి దీపాలు పెట్టేదాక ఒక్కడు లేవలేదట. గసొంటిది ఇయ్యి, ఎంతన్న కానీ” అని కూర్చున్నాడు. మా సారు నా ముఖం చూశాడు. నేను మిషన్ ముఖం చూశాను. ఆయన లాడ్జిలో దిగి ఎదురుచూస్తున్నాడు.

ఫార్మాట్ కొట్టిన డిస్కులో నుంచి ఏం తీశావు బావా?

ఇట్లు,
రామచంద్రం

తా.క.: లేదంటే లేదని రాయి. మా సారు మళ్ళీ అన్నం మానేశాడు.


లక్సెట్టిపేట,
16-8-1998

బామ్మర్దికి,

తీరిక లేక రాయలేదు. ఈ నెలలో ముహూర్తం ఉన్న రోజల్లా ఏదో ఒక పందిట్లోనే ఉన్నాను. జరిగింది చెబుతాను.

నీ తాజా కలం చదివినాక రెండు వీసీఆర్‌ల ముందు కూర్చున్నాను. కూర్చున్నాక తెలిసింది, మళ్ళీ మిక్సింగ్ చేసినా తాళి దగ్గర ఎవరి పక్కన ఎవరిని పెట్టాలి? ఏ వరుసన పెట్టినా ఎవరో ఒకరు లేస్తారు. జరిగింది జరిగినట్టు చూపిస్తే అలిగినా దేవుని మీద అలగాలి గాని నా మీద కాదు. గురువారం పొద్దున కెమెరాలో నుంచి వచ్చిన మూడు క్యాసెట్లను, ఒక్క ముక్క తీయకుండా, సంచిలో వేసుకుని దొర ఇంటికి పోయాను.

హాలులో జంపఖానాలు పరిచారు. కుడి దిక్కు ఇచ్చోడ వాళ్ళు, ఎడమ దిక్కు లక్సెట్టిపేట వాళ్ళు. ముందు వరుసలో ఇద్దరు పెద్దవాళ్ళు. ఒకామె దొర తల్లి లీలాబాయి. రెండో ఆమె సీతారాంరావు గారి తల్లి తారాబాయి. దొర తలుపు దగ్గర నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

“కంప్యూటర్ల పెట్టినవా?” అన్నాడు.

“పెట్టిన దొరా” అన్నాను. అది అబద్ధం కాదు.

మొదటి క్యాసెట్ ఎదుర్కోళ్ళు. ఎవరి ముఖం వాళ్ళు వెతుక్కుంటూ గడిపారు. రెండో క్యాసెట్‌లో తాళి. మేనత్త అక్కడ లేదు. మేనమామ గుంజ దగ్గరే ఉన్నాడు. చందమామ లేదు. రెండు దిక్కులా గుసగుసలు మొదలయ్యాయి. దొర నా వైపు చూశాడు. నేను వీసీఆర్ వైపు చూశాను.

అప్పుడు బొమ్మ మారింది. సగం గోడ, సగం తమలపాకుల బుట్ట, ఆకులు మడుస్తున్న రెండు జతల చేతులు. నేను భోజనానికి పోతూ కెమెరాను స్టాండు మీద పెట్టి, ఆపడం మరిచిన ముక్క అది. కంప్యూటర్ వచ్చిన రోజు మొట్టమొదట తీసిపారేసింది దీన్నే. బొమ్మలో ఏమీ లేదు. మాట మాత్రం స్పష్టంగా ఉంది.

“గా సూటు సూసినవా, మీ వోనిది?” అది లీలాబాయి గొంతు.

“సూడక ఏంజేస్త? నడి ఎండకాలం సూటేసుకున్నోన్ని నేనే కంటి.” ఇది తారాబాయి గొంతు.

సీతారాంరావు గారు మెడ దగ్గర గుండీ సర్దుకున్నాడు, వేసుకున్నది లాల్చీయే అయినా.

“మావోడు ఏమన్న తక్కువనా? పొద్దుగాలకెళ్లి నడుము మీద చేతులు పెట్టుకొని తిరుగుతుండు. ఒక్క గిన్నె జరిపిండా?”

తలుపు దగ్గర దొర చేతులు కిందికి దించాడు.

నేను ఉరికి ముక్కను ముందుకు పోనిద్దామని వీసీఆర్ మీద చేయి వేశాను. ముందు వరుసలో ఆకు నములుతున్న తారాబాయి తల తిప్పకుండానే అన్నది: “ముట్టినవంటే చెయ్యి ఇరుగుతది. నేనే అన్న. మల్ల అడుగుండ్రి, మల్ల అంట.” నేను చేయి తీశాను.

తెర మీద గొంతులు సాగుతూనే ఉన్నాయి.

“మా పిల్లకు వంట రాదు తారాబాయీ. మల్ల నాకు చెప్పలేదని అనకు.”

“మావోనికి తినుడు తప్ప ఇంకోటి రాదు. జోడు మంచిగనే కుదిరింది.”

పెండ్లిపిల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిల్లగాడు జంపఖానా మీది పూలు లెక్కపెట్టాడు. మొదట నవ్వింది ఎవరో తెలియదు గాని, రెండు దిక్కులా ఒక్కసారే నవ్వారు. ఎవరి గురించి ఏమంటారోనని అందరూ ముందుకు జరిగి కూర్చున్నారు. పంతులు అయిపోయాడు, మేనమామ మీసాలు అయిపోయాయి. నన్ను కూడా వదల్లేదు. “గా వీడియో పిలగాడు బుక్క నోట్లె పెట్టంగనె మొఖం మీద లైటు కొడ్తడు, మింగాల్నా కక్కాల్నా?” అన్నారు.

అప్పుడు వచ్చింది అసలు ముక్క.

“అగొ లీలాబాయీ! నా బిడ్డ అలిగింది సూసినవా? ఎదుర్కోళ్లల్ల బొట్టు పెట్టలేదట. పెట్టిండ్రు, నేనే సూసిన. గది అలిగేటందుకే ఇచ్చోడకెళ్లి వచ్చింది.”

మేనత్త లేచి నిలబడింది.

నవ్వులు ఆగిపోయాయి. సీతారాంరావు గారు “ఏయ్, కూసో” అన్నాడు. ఆమె వినలేదు. దొర నన్ను ఎట్లా చూశాడో నేను రాయను. నా కండ్ల ముందు మంచిర్యాల స్టూడియో, గులాబీపువ్వు, పాస్‌పోర్టు ఫొటోలు కదిలాయి. ఆమె మనుషుల నడుమ నుంచి ఒక్కొక్కరినీ దాటుకుంటూ నడిచింది. తలుపు దిక్కు కాదు. టీవీ దిక్కు. పోయి, సౌండు బటన్ పట్టుకుని చివరిదాకా తిప్పింది.

“మా అవ్వ నా మీద ఇంక ఏమేం చెప్పిందో ఇననియ్యుండ్రి. గింత సిన్నగ పెడితె ఎట్ల ఇనవడ్తది?” అని, తల్లి పక్కనే చోటు చేసుకుని కూర్చుంది.

ఆ తరువాత అన్నం కూడా అక్కడికే తెప్పించుకున్నారు. మూడో క్యాసెట్ అయిపోయేసరికి దీపాలు పెట్టారు. ఆకుల ముక్క మళ్ళీ వేయమంటే వేశాను. దాని చివర లీలాబాయి, “పిల్ల లేకుంటె ఇంట్ల పొద్దువోదు తారాబాయీ, నెలకొక్కపారి పంపుండ్రి” అంటుంది. “పిల్లను ఎందుకు, నువ్వే రారాదు? ఇచ్చోడల నాకు ఆకు మలిసిచ్చే మనిషి లేదు” అంటుంది తారాబాయి. మొదటిసారి నవ్వులలో ఈ మాట ఎవరికీ వినిపించలేదు. రెండోసారి వినిపించింది. దొర ముక్కు తుడుచుకుంటూ బయటికి పోయాడు. తెల్లవారి జీపులో పిల్లతో పాటు లీలాబాయి కూడా ఎక్కింది.

జీపును సాగనంపి వచ్చి దొర నాతో అన్నాడు: “గులాబీపువ్వు ఎవ్వడన్న తీస్తడు. గిది మంచిర్యాలోళ్లకు వస్తదా? మా ఇండ్లల్ల పెండ్లిళ్లు నీయే పో. గని ఆకులు మలిసే కాడ కెమెరా పెట్టుడు మర్వకు.”

కాబట్టి రామచంద్రం, నాకు డిస్కులు, రామ్ ఏమీ పంపకు. ఉన్న మిషన్‌కు మీ అక్క గుడ్డ కుట్టి కప్పింది. నాకు కావలసింది ఒక మంచి మైకు. పొడుగు వైరు ఉండాలి. ఎంత చిన్నది ఉంటే అంత మంచిది. లాడ్జిలో ఉన్నాయనకు ఏది అడిగితే అది అమ్ము. మీ సారును అన్నం తినమను.

ఇట్లు,
నీ బావ
దేవదాస్

తా.క.: మైకు ఎందుకు చిన్నది ఉండాలంటే, సంగతి ముసలమ్మలందరికీ తెలిసిపోయింది. పోయిన వారం పెండ్లిలో ఇద్దరు ముసలమ్మలు పట్టుచీరలు కట్టుకుని, కెమెరాకు ఎదురుగా కూర్చుని, వచ్చిన వాళ్ళందరినీ ఒక్కొక్కరినే పేరు పెట్టి మెచ్చుకున్నారు. ఇంటివాళ్ళు క్యాసెట్ వాపస్ తెచ్చి పడేశారు.